అమ్మిన మిషన్ వాపసు వస్తే?

మీరు సుబేదారిలో పాత కుట్టుమిషన్ అమ్ముతున్నారనుకోండి. ఫోటో తీసి ఫోన్‌లో ఓఎల్ఎక్స్‌లో పెట్టారు. ఒకామె ఇంటికొచ్చి, చూసి, 3,000 రూపాయలకు కొన్నది. నాలుగు రోజులకు ఫోన్ చేసింది.

"అక్కా, దారం తెగుతున్నది. మిషన్ తీస్కో, నా పైసలు నాకియ్యి."

ఇవ్వాలా?

మీరు దుకాణదారు కాదు. అది పాత సామాను. ఆమె చూసే కొన్నది. చూస్తే తెలిసే లోపానికి మీ పూచీ లేదు. 1930లో వచ్చిన వస్తువుల అమ్మకం చట్టం ప్రకారం, చూసుకొని కొనడం కొనేవాళ్ల పని. కాని దారం తెగుతుందని మీకు ముందే తెలుసు, కప్పిపెట్టి అమ్మారు. అప్పుడో? తప్పు మీదే. పైసలు తిరిగి ఇవ్వాల్సిందే. అందుకే లోపం ముందే చెప్పండి. కాగితం మీద రాయండి. ఇద్దరూ సంతకం పెట్టండి. వేలిముద్ర కాదు, సంతకం!

వాపసు తీసుకుంటే ముందు మిషన్ మీ ఇంటికి రావాలి. అది మీ మిషనేనా? నంబరు చూడండి. తొక్కి చూడండి. ఆ తర్వాతే పైసలు.

ఇంకో రకం మనుషులుంటారు. సామాను చూడనే చూడరు. "అక్కా, పొరపాటున ఎక్కువ పైసలు పంపిన, తిరిగి పంపు" అంటారు. మెసేజీ చూపిస్తారు. మెసేజీ చూసి నమ్మవద్దు, బ్యాంకు ఖాతా చూడండి. మనకు పైసలు రావాలంటే పిన్ నంబరు కొట్టే పనే లేదు. కొట్టామా, మన పైసలే పోతాయి.

పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. చట్టం వచ్చిన సంవత్సరం, ఈ నంబరు ఒకటే.