గుడారంలో దీపం – ఏది మంచిది?



వచ్చే నెలలో మన స్కౌట్ పిల్లలు మూడు రాత్రుల క్యాంపుకు పోతున్నారు. తీసుకుపోవలసిన సామాన్ల లిస్టు నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో తొమ్మిదో నంబరు దగ్గర “కొవ్వొత్తులు – 2 ప్యాకెట్లు” అని ఉంది. ఆ ఒక్క లైను చదివినాకనే ఈ వ్యాసం రాయాలనిపించింది. ఎందుకో చెప్తాను.

పోయిన క్యాంపులో మా గుడారంలో కంచం బోర్లించి దాని మీద కొవ్వొత్తి నిలబెట్టాం. పండుకునే ముందు ఒకడు దుప్పటి దులిపాడు. కొవ్వొత్తి పడ్డది. చూస్తుండగానే గుడారం గోడకు పళ్లెమంత బొక్క పడ్డది. చేత్తో ఆర్పబోయిన మా దోస్తు అరచేతికి కరిగిన బట్ట అతుక్కున్నది. తర్వాత చానా రోజులు వాడు చెంచాతో ఎడమ చేత్తో అన్నం తిన్నాడు. జిప్పు వేసి ఉంటే మేం నలుగురం ఎట్లా బయటపడేవాళ్లమో ఇప్పటికీ తెలియదు.

అగ్గి దీపం ఎందుకు వద్దు?

ఇప్పటి గుడారాలు నైలాను, పాలిస్టరు బట్టతో కుడతారు. ఇవి నూలు బట్టలాగా బూడిద కావు. సుమారు 220 నుండి 260 డిగ్రీల వేడికే కరిగి జిగురులాగా కారతాయి. కొవ్వొత్తి మంట వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. అంటే మంట తగలనక్కర లేదు, దగ్గరికి వస్తే చాలు.

కందిలి, పెట్రోమాక్సు కూడా పనికిరావు. మూసిన గుడారంలో మంట మండితే కార్బన్ మోనాక్సైడు అనే గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే అది 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పండుకున్నవాడికి తలనొప్పి వచ్చిందని కూడా తెలియకుండానే ప్రాణం పోవచ్చు. పైగా కిరోసిన్ మోయాలి. ఒక లీటరు కిరోసిన్ సుమారు 800 గ్రాములు ఉంటది.

కాబట్టి గుడారం లోపల ఎల్‌ఈడీ లైటే వాడాలి.

ఎల్‌ఈడీ గొప్పతనం ఏమిటి?

వెలుగును కొలిచే కొలత పేరు ల్యూమెన్. ఒక కొవ్వొత్తి సుమారు 12 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. పాతకాలం తీగ బల్బు ఒక వాటు కరెంటుకు 10 నుండి 15 ల్యూమెన్లు ఇస్తుంది. మిగతాదంతా వేడి అయిపోతుంది. ఎల్‌ఈడీ మాత్రం ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇవ్వగలదు. తక్కువ కరెంటు అంటే చిన్న సెల్లు, చిన్న సెల్లు అంటే తక్కువ బరువు. తెల్ల ఎల్‌ఈడీ రావడానికి దారి చూపింది నీలి ఎల్‌ఈడీ. దాన్ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రం నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 2014లో, మే 25న, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమె కూడా మనలాగే గురుకులంలో చదివిన గిరిజన బిడ్డ. ఎవరెస్టు ఎక్కేవాళ్లు ఆఖరు దినం మామూలుగా రాత్రిపూటే శిఖరానికి బయలుదేరుతారు. అప్పుడు వాళ్లకు నెత్తికి కట్టుకునే లైటే దిక్కు. కొండ ఎక్కేవాళ్లు ప్రతి గ్రాము లెక్కేస్తారు. మనం కూడా లెక్క వేద్దాం.

బరువు లెక్క

1. పెద్ద టార్చి: ఇందులో వేసే రెండు పెద్ద ఆల్కలైన్ సెల్లే 280 గ్రాముల దాకా తూగుతాయి. టార్చి బరువు వేరే.
2. పెన్సిల్ సెల్లు (గోడ గడియారంలో వేసేది): ఒకటి సుమారు 23 గ్రాములు.
3. సన్న పెన్సిల్ సెల్లు (టీవీ రిమోటులో వేసేది): ఒకటి సుమారు 12 గ్రాములు.
4. మూడు సన్న సెల్లతో నడిచే చిన్న నెత్తి లైటు: సెల్లతో కలిపి 100 గ్రాముల లోపే వస్తుంది.

నెత్తి లైటుతో ఇంకో లాభం ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దాని పట్టీని గుడారం నడిమిట్ల ఉన్న కొక్కేనికి తగిలిస్తే అదే వేలాడే దీపం అయితది. ఒకే వస్తువు, రెండు పనులు.

ఎంత వెలుగు, ఎన్ని గంటలు?

నలుగురు పట్టే గుడారానికి 50 ల్యూమెన్లు ఉంటే సామాను సర్దుకోవచ్చు, అన్నం తినవచ్చు, దగ్గర పెట్టుకుని చదువుకోవచ్చు. అంటే నాలుగు కొవ్వొత్తులంత వెలుగు. దీనికి అర వాటు చాలు. మూడు సన్న ఆల్కలైన్ సెల్లలో కలిపి సుమారు మూడున్నర వాట్-గంటల శక్తి ఉంటది. అర వాటుతో భాగిస్తే ఏడు గంటలు.

క్యాంపులో రాత్రి 7 నుండి 9.30 దాకా లైటు వేస్తాం. రోజుకు రెండున్నర గంటలు, మూడు రాత్రులకు ఏడున్నర గంటలు. ఒక సెట్టు కొంచెం తక్కువ పడుతుంది. అందుకని ఇంకో మూడు సెల్లు వెంట పెట్టుకోవాలి. అదనపు బరువు 36 గ్రాములే.

ఛార్జింగు లైట్లు కూడా మంచివే. కానీ సెల్లు తీయరాని లైటు అయితే, ఛార్జింగు అయిపోయినాక అడవిలో దాన్ని ఏమీ చేయలేం. సోలారు లైటు మబ్బు పట్టినా, చెట్ల నీడలో ఉన్నా సరిగ్గా ఛార్జి కాదు. క్యాంపుకు మాత్రం సెల్లు మార్చుకునే లైటే నమ్మకం.

దుకాణంలో చూడవలసినవి

– తక్కువ వెలుగు, ఎక్కువ వెలుగు అని రెండు మెట్లు ఉండాలి. మామూలుగా తక్కువ మీదనే వాడాలి.
– స్విచ్చి గట్టిగా ఉండాలి. సంచిలో దానంతట అదే వెలిగితే రాత్రికి సెల్లు ఖాళీ.
– ఎర్ర లైటు ఉంటే ఇంకా మంచిది. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ముఖం మీద పడితే అదంతా పోతది. సన్నని ఎర్ర వెలుగుకు అంత చెడిపోదు, పక్కవాడి నిద్ర కూడా చెడదు.
– అట్టపెట్టె మీద వేల ల్యూమెన్లు అని రాసి ఉంటే మోసపోవద్దు. చిన్న సెల్లకు అంత శక్తి ఉండదు.

వాడే పద్ధతి

టార్చి తప్ప ఏమీ లేకుంటే, నీళ్లు నింపిన తెల్ల సీసా వెనక దాన్ని ఆనించండి. వెలుగు ఒక్కచోట పడకుండా నలుదిక్కులా పరుచుకుంటుంది.

తెల్లటి వెలుగుకు పురుగులు ఎక్కువగా వస్తాయి. పసుపు రంగు వెలుగుకు తక్కువ. ఏ లైటు వేసినా ముందు దోమతెర జిప్పు వేయాలి.

లోపల లైటు ఉంటే మన నీడలు బయటికి కనబడతాయి. ముఖ్యంగా అక్కలు, చెల్లెళ్లు బట్టలు మార్చుకునేటప్పుడు లైటు ఆర్పాలి.

చలికి సెల్లు బలం తగ్గుతుంది. మన ఏజెన్సీ చలికాలం సంగతి అందరికీ ఎరుకే. రాత్రి లైటును దుప్పట్లో పెట్టుకుని పండుకోవాలి.

రాత్రి ఒంటికి లేచినప్పుడు లైటు వేసి, బూట్లు దులిపి, అడుగు పెట్టే చోటు చూసినాకే కాలు బయట పెట్టాలి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. చేతికి అందే చోట లైటు పెట్టుకోమని చెప్పేది ఇందుకే.

పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయరాదు. అయిపోయిన సెల్లు అడవిలో పారేయకుండా సంచిలో వెనక్కి తేవాలి.

వార్డెన్ సార్లకు మనవి: లిస్టులో తొమ్మిదో నంబరు కొట్టేసి, గుడారానికి ఒక నెత్తి లైటు, ఆరు సన్న సెల్లు అని రాయించగలరు. అన్ని గుడారాలకూ కొనడం ఈసారి కుదరకుంటే, ఇళ్లల్లో చేను కావలికి వాడే నెత్తి లైట్లు ఉన్నవాళ్లు తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వగలరు. కొవ్వొత్తులు మన హాస్టల్‌లో కరెంటు పోయినప్పుడు పనికొస్తాయి. అదీ దోమతెరకు దూరంగా, సార్ల కండ్ల ముందు.

మా దోస్తు అరచేతి మీద మచ్చ ఇంకా ఉంది. అనుమానం ఉన్నవాళ్లు అడిగితే వాడే చూపిస్తాడు.

– 9వ తరగతి విద్యార్థి