ఊదావన్నె స్పినెల్

సానపట్టిన ఊదారంగు స్పినెల్‌ను వెలుతురున త్రిప్పినచో దాని ముఖములన్నియు తళుక్కుమనును. మెగ్నీషియము, అల్యూమినియము, ప్రాణవాయువుల కలయికచే ఈ రత్న మేర్పడును. లేశమాత్రమగు ఇనుము దీనికి ఊదావన్నె నొసగును. దీని కాఠిన్యము 8, కెంపు కాఠిన్యము 9. కెంపులో ప్రవేశించిన కాంతికిరణము రెండుగా చీలును, స్పినెల్‌లో చీలదు. ఈ భేదము తెలియక పూర్వులు ఎఱ్ఱని స్పినెల్‌ను కెంపని భ్రమించిరి. 1783లో రోమే ద లీల్ అను ఫ్రెంచి పండితుడు రెంటిని వేఱుపఱచెను. ఇంగ్లండు రాజకిరీటమందలి ‘బ్లాక్ ప్రిన్సు కెంపు’ నిజమునకు స్పినెలే!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలు 1948 వఱకు నిజాము ఏలుబడిలో నుండెను. ఆ నిజాముల నగలలోను స్పినెళ్లు కలవు. 1995లో భారత ప్రభుత్వము ఆ నగలను కొనెను. పేరు మాఱినను రత్నము వన్నె తగ్గలేదు. కంటికి ఒక్కటిగా తోచువానిని పరీక్షయే వేఱుచేయును.