తగరపు ఈలకు ఒక ఉత్సవం

ఐర్లండ్ దేశంలో సంగీతం నేర్చుకొనే పిల్లల చేతికి సాధారణంగా మొట్టమొదట అందే వాద్యం టిన్ విజిల్. తెలుగులో చెప్పాలంటే తగరపు ఈల. ఐరిష్ భాషలో దీనిని ‘ఫడోగ్’ అంటారు. ఆ మాటకు కూడా ఈల అనే అర్థం. సుమారు 30 సెంటీమీటర్ల పొడవున్న సన్నని గొట్టం, దానిపై ఆరు రంధ్రాలు, ఊదడానికి ఒక ముఖభాగం - ఇంతే దాని స్వరూపం. బరువు తక్కువ, ధర తక్కువ. జేబులో పెట్టుకొని ఎక్కడికైనా తీసుకొని పోవచ్చు. ఈ సౌలభ్యమే ఆ వాద్యానికి మేలూ చేసింది, కీడూ చేసింది. పేదవాని గుడిసెలోకి కూడా అది ప్రవేశించగలిగింది. కాని పిల్లల ఆటవస్తువు అనే చిన్నచూపు కూడా దానికి చాలాకాలం తప్పలేదు.

ఇటువంటి వాద్యాన్ని వాయించేవారినీ, తయారుచేసేవారినీ ఒకచోట చేర్చి ఉత్సవం జరపాలనుకొనేవారు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ఉత్సవం ఎవరి కోసం? వేలమంది ప్రేక్షకుల కోసమా, వాద్యంతో నిత్యం బతికే కొద్దిమంది కోసమా? వేదిక ఎత్తు మొదలుకొని గదుల అమరిక వరకు అన్ని ఏర్పాట్లూ ఈ ప్రశ్నకు చెప్పుకొనే సమాధానం మీదనే ఆధారపడి ఉంటాయి. ఐర్లండ్ దేశస్థులు డెబ్బై ఏళ్ళకు పైగా గడించిన అనుభవం ఈ విషయంలో మార్గం చూపుతుంది.

వాద్య స్వరూపం

ఉత్సవ ప్రణాళికను అర్థం చేసుకోవడానికి వాద్యం పనిచేసే తీరును కొంత తెలుసుకోవాలి. మన తిరునాళ్ళలో అమ్మే వెదురు పిల్లనగ్రోవులలో కొన్నింటికి కొసన బిరడా బిగించి ఉంటుంది. వాటిని అడ్డంగా కాక నిలువుగా పట్టుకొని ఊదుతారు. టిన్ విజిల్ ఆ కోవకు చెందినదే. ఊదిన గాలి బిరడాకు, గొట్టపు గోడకు నడుమనున్న సన్నని దారి గుండా పోయి, ఎదురుగా ఉన్న వాడి అంచును తాకుతుంది. అక్కడ గాలిపాయ అంచుకు అటూ ఇటూ ఊగుతూ గొట్టంలోని గాలిని కంపింపజేస్తుంది. ఆ కంపనమే నాదమవుతుంది. వేళ్ళు ఎత్తి రంధ్రాలను తెరిచేకొద్దీ కంపించే గాలి పొడవు తగ్గి స్వరం పెరుగుతుంది. ఊపిరి బలం పెంచితే అదే వేళ్ళ అమరికలో పై స్థాయి స్వరం పలుకుతుంది. ఈ విధంగా రెండు స్థాయిల స్వరాలు ఆ చిన్న గొట్టంలో ఇమిడి ఉన్నాయి.

అడ్డంగా పట్టి వాయించే వేణువులో గాలిని రంధ్రపు అంచుకు గురిచూసి పంపే పని వాద్యకారుని పెదవులది. ఏళ్ళ సాధనతో గాని అది పట్టుబడదు. విజిల్‌లో ఆ పనిని ముఖభాగమే చేసిపెడుతుంది. అంటే వాద్యకారుని పెదవి చేయవలసిన పనిలో పెద్ద భాగం తయారీదారుని చేతిలో ముందే జరిగిపోతుంది. గాలిదారి వెంట్రుకవాసి ఇరుకైనా, అంచు కొంచెం మొద్దుబారినా నాదం మారిపోతుంది. దానిని వాద్యకారుడు తన పెదవులతో సరిదిద్దుకోలేడు. విజిల్ ఉత్సవంలో తయారీదారునికి వాద్యకారునితో సమానమైన స్థానం కల్పించడానికి కారణం ఇదే.

నేడు వాడుకలో ఉన్న రేకు విజిల్ పుట్టుక ఐర్లండ్‌లో కాక ఇంగ్లండ్‌లో జరిగింది. సఫోక్ ప్రాంతానికి చెందిన రాబర్ట్ క్లార్క్ అనే వ్యవసాయ కూలీ 1843లో తగరపు పూత పూసిన రేకును చుట్టి, కొయ్య బిరడా అమర్చి విజిళ్ళు చేశాడు. తరువాత మాంచెస్టర్ ప్రాంతానికి చేరి వాటి తయారీని పరిశ్రమగా పెంచాడు. చౌకగా దొరికిన ఆ వాద్యాన్ని ఐరిష్ ప్రజలు తమ నృత్యగీతాలకు అనువుగా మలచుకొని తమదిగా చేసుకొన్నారు.

మల్లింగార్ నుండి మిల్టౌన్ మాల్బే వరకు

ఇరవయ్యో శతాబ్ది నడుమ నాటికి ఐర్లండ్‌లో సంప్రదాయ సంగీతం కష్టదశలో పడింది. పల్లె ఇళ్ళలో సాయంవేళ జరిగే నృత్యగోష్ఠులు 1935లో వచ్చిన నృత్యశాలల చట్టం తరువాత సన్నగిల్లాయి. బతుకుతెరువు కోసం యువకులు దేశం విడిచి పోయారు. 1951-61 నడుమ నికరంగా సుమారు నాలుగు లక్షలమంది వలసపోయారంటే ఊళ్ళు ఎంతగా ఖాళీ అయ్యాయో ఊహించవచ్చు. వినేవారు, నేర్చుకొనేవారు లేని చోట వృద్ధ వాద్యకారుని బాణీ అతనితోనే సమాధి కావలసి వస్తుంది.

ఈ పరిస్థితిలో 1951లో మల్లింగార్ పట్టణంలో ‘కోల్తస్ క్యోల్తోరీ ఏరన్’ అనే సంగీతకారుల సంఘం ఏర్పడింది. ఆ ఏడే అక్కడ తొలి ‘ఫ్లా క్యోల్’ జరిగింది. ఆ పేరుకు సంగీతపు విందు అని అర్థం. నేడు జిల్లా, ప్రాంతీయ స్థాయిలలో నెగ్గినవారు అఖిల ఐర్లండ్ పోటీలకు వస్తారు. వయస్సును బట్టి వర్గాలు ఉంటాయి. విజిల్‌కు ప్రత్యేకంగా పోటీ ఉంది. 1973లో ఈ పోటీలో నెగ్గిన మికో రసెల్ క్లేర్ జిల్లా డూలిన్ ప్రాంతపు రైతు. ఆడంబరం లేని ఆయన బాణీకి ఈ గెలుపుతో దేశమంతటా గుర్తింపు వచ్చింది. పల్లెటూరి వాద్యకారునికి పోటీ వేదిక గౌరవం తేగలదని చెప్పడానికి ఇదొక నిదర్శనం.

అయితే పోటీకి ఒక పరిమితి ఉంది. న్యాయనిర్ణేత మెచ్చే బాణీ వైపు అందరూ మొగ్గితే ఊరూరి ప్రత్యేకతలు మరుగున పడే ప్రమాదం ఉంది. పైగా ఫ్లాకు లక్షలమంది వస్తారు. అంత సందడిలో ఒక చిన్న విజిల్ నాదంలోని తేడాను నిదానంగా వినడం కష్టం.

ఈ లోటును తీర్చే మార్గం క్లేర్ జిల్లాలోనే మిల్టౌన్ మాల్బే అనే చిన్న ఊరిలో రూపుదిద్దుకొన్నది. అక్కడి వడ్రంగి విల్లీ క్లాన్సీ మోచేతితో తిత్తిని నొక్కుతూ వాయించే ఇలియన్ పైప్స్ వాద్యంలో ప్రసిద్ధుడు. విజిల్‌లోనూ దిట్ట. ఆయన 1973 జనవరిలో కన్నుమూశాడు. మిత్రులు ఆయన పేరిట ఆ ఏడే వేసవి సంగీత పాఠశాలను ప్రారంభించారు. ఏటా జులై మొదటి శనివారం మొదలయ్యే ఈ కార్యక్రమంలో పోటీలు లేవు, బహుమతులు లేవు. ఉదయం తరగతులు, అటుపై ప్రసంగాలు, సంగీత సభలు, రాత్రి ఊరి పానశాలలలో వాద్యగోష్ఠులు జరుగుతాయి. ఇలియన్ పైప్స్‌కు కావలసిన పీకలు తయారుచేసుకోవడం కూడా అక్కడ నేర్పుతారు. వాయించడం, చేయడం ఒకే విద్యకు రెండు ముఖాలని ఆ పాఠశాల ఆచరణలో చూపింది.

వాద్యశిల్పి, వాద్యకారుడు

వీరిద్దరూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. ఐరిష్ వాద్యకారుడు ఫిన్‌బార్ ఫ్యూరీ వద్ద భారతదేశపు వెదురు పిల్లనగ్రోవి ఒకటి ఉండేది. అది పాడైపోగా ఇంగ్లండ్‌లోని బెర్నార్డ్ ఓవర్టన్ దానిని బాగుచేయడానికి ప్రయత్నించాడు. వీలుకాకపోవడంతో 1971లో లోహపు గొట్టంతో మంద్రంగా పలికే పెద్ద విజిల్‌ను తయారుచేసి ఇచ్చాడు. నేడు ‘లో విజిల్’ అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించిన వాద్యానికి అది నాంది. ఒక వాద్యకారుని అవసరం ఒక తయారీదారుని చెవిని చేరకపోయి ఉంటే అది పుట్టేది కాదు.

ఇత్తడి, అల్యూమినియం, కొయ్య, ప్లాస్టిక్ - ఈనాడు విజిల్ చేయడానికి వాడని పదార్థం అరుదు. కార్ఖానాలలో వేలకొలది తయారయ్యే చౌక వాద్యాలతో పాటు ఒంటరిగా తమ పనిశాలలో ఒక్కొక్కటిగా మలిచే శిల్పులూ ఉన్నారు. కొనేవాడు చాలాసార్లు వాయించి చూడకుండానే టపాలో తెప్పించుకోవలసి వస్తుంది. చేసినవాడు తన వాద్యం ఎవరి చేతిలో ఎలా పలుకుతున్నదో వినకుండానే తరువాతి దానికి పూనుకొంటాడు. ఈ దూరాన్ని తగ్గించడమే విజిల్ ఉత్సవానికి సార్థకత.

ప్రణాళికలో గమనించవలసినవి

మొదటిది స్థలం. విజిల్ ముఖభాగంలోని కిటికీ వంటి తెరపు మీదుగా గాలి వీస్తే నాదం తెగిపోతుంది. అందువల్ల ఆరుబయట పందిళ్ళు దీనికి తగవు. గోడలున్న చిన్న గదులు కావాలి. బడులకు సెలవులున్న రోజులు ఎంచుకొంటే తరగతి గదులే సరిపోతాయి. పొడవైన హాలులో అందరు తయారీదారులనూ వరుసగా కూర్చోబెడితే పదిమంది ఒకేసారి ఊదే కీచుధ్వనుల మధ్య ఏ వాద్యం గుణమూ తెలియదు. అమ్మకపు బల్లలకు దగ్గరలో నిశ్శబ్దంగా ఉండే పరీక్షా గది తప్పనిసరి. ఒకరు ఊదినదానిని మరొకరు ఊదేముందు శుభ్రపరిచే ఏర్పాటు ఉండాలి.

రెండవది శ్రుతి. ఒక్కొక్క విజిల్ ఒక్కొక్క శ్రుతిలో ఉంటుంది. ఐరిష్ గోష్ఠులలో ‘డి’ శ్రుతి విజిల్ ఎక్కువగా వాడుకలో ఉన్నది కనుక సామూహిక వాదనానికి దానినే నిర్ణయించి ముందుగా అందరికీ తెలియజేయాలి. వెచ్చని గాలిలో ధ్వనివేగం పెరుగుతుంది. కనుక చల్లని వాద్యం తక్కువ శ్రుతిలోను, వెచ్చబడినది ఎక్కువ శ్రుతిలోను పలుకుతుంది. పది డిగ్రీల తేడా అర్ధస్వరంలో పావువంతుకు మించిన తేడాను తెస్తుంది. గోష్ఠికి ముందు వాద్యాలు వెచ్చబడడానికి కొంత వ్యవధి ఇవ్వడం ఇందుకే.

మూడవది సంఖ్య. ఈ విద్య ప్రధానంగా చెవితో నేర్చుకొనేది. గురువు ఒక పలుకు వాయిస్తే శిష్యులు విని తిరిగి వాయిస్తారు. గదిలో నలభైమంది ఉంటే ఎవరి వేలు తప్పుతున్నదో గురువుకు వినిపించదు. కొత్తవారికి, కొంత నేర్చినవారికి, ఆరితేరినవారికి వేరువేరు తరగతులు పెట్టి, ఒక్కొక్క దానిలో కొద్దిమందినే చేర్చుకోవాలి. గదులను, గురువులను లెక్కపెట్టిన తరువాతనే ప్రవేశాల సంఖ్యను నిర్ణయించాలి.

నాలుగవది ఆర్థికం. ఒంటరిగా పనిచేసే వాద్యశిల్పి మూడు రోజులు పనిశాల మూసివస్తే ఆ మేరకు ఉత్పత్తి ఆగిపోతుంది. దానికి ప్రయాణ వ్యయం, బస ఖర్చు, బల్ల అద్దె తోడైతే పెద్ద కంపెనీలు తప్ప చిన్న శిల్పులు రాలేరు. అద్దె తగ్గించడం, ఊరివారి ఇళ్ళలో బస కల్పించడం, మరమ్మతులకు, ప్రదర్శన తరగతులకు పారితోషికం ఇవ్వడం నిర్వాహకుల బాధ్యత. ఈ ఖర్చును ముందుగా లెక్కలో చేర్చుకోని ఉత్సవం చివరకు సాధారణ సంతగా మిగిలిపోతుంది.

ఐదవది కాలక్రమం. ఉదయం పాఠం, మధ్యాహ్నం తయారీదారుల గది, రాత్రి గోష్ఠి అనే వరుస ఉపయోగకరం. ఉదయం నేర్చుకొన్న పాటను మధ్యాహ్నం వేరువేరు వాద్యాల మీద పలికించి చూడవచ్చు. రాత్రి పెద్దల సరసన కూర్చొని అదే పాటను వాయించవచ్చు. గోష్ఠిలో అందరూ వలయంగా కూర్చుంటారు. అక్కడ వేదిక లేదు, ప్రేక్షకుడు లేడు. కొత్తవాడు తనకు వచ్చిన పాట వచ్చేవరకు వింటూ ఉంటాడు. ఆ వినడం కూడా శిక్షణే.

కరోనా మహమ్మారి కారణంగా 2020లో ఫ్లా క్యోల్‌తో పాటు మిల్టౌన్ మాల్బే వేసవి పాఠశాల కూడా ఆగిపోయింది. పాటలను తెరమీద విని నేర్చుకోవచ్చునని అప్పుడు అందరికీ అనుభవమైంది. కాని పక్కవాని ఊపిరిని గమనించి తన ఊపిరిని సరిచేసుకోవడం, చేసినవాని ఎదుటనే వాద్యంలోని లోపాన్ని వినిపించడం దూరం నుండి సాధ్యపడేవి కావు. చిన్న ఉత్సవాలు ఈ రెండింటికీ చోటు కల్పిస్తాయి. ఉత్సవం ముగిసి గదులు ఖాళీ అయిన తరువాత ఒక బాలిక కొత్త పాటతో ఇల్లు చేరితే, ఒక శిల్పి గాలిదారిని మరికొంత సన్నం చేయాలనే ఆలోచనతో తన పనిబల్ల వద్దకు తిరిగిపోతే, నిర్వాహకుల శ్రమ ఫలించినట్లే.