మీసోసోమ్

మీసోసోమ్ అనగా బాక్టీరియా కణంలో ప్లాస్మా త్వచం లోపలికి ముడుచుకొని ఏర్పడుతుందని ఒకప్పుడు భావించిన నిర్మాణం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలలో ఇది సంచులుగాను, నాళికలుగాను, పొరలుగాను కనిపించేది. సజీవ కణంలో ఇది ఉండదనీ, కణాన్ని పరిశీలనకు సిద్ధపరచే విధానం వలననే ఏర్పడుతుందనీ తరువాత తేలింది. అయినను పలు పాఠ్యపుస్తకాలలో నిజమైన కణభాగంగానే వర్ణింపబడినందున విద్యార్థులు దీని చరిత్ర తెలుసుకోవడం అవసరం.

పరిశీలనా విధానం

అనేక బాక్టీరియాల వెడల్పు సుమారు 1 మైక్రోమీటరు మాత్రమే. 0.2 మైక్రోమీటర్ల కంటె దగ్గరగా ఉన్న బిందువులను సాధారణ కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపలేదు. కావున కణాంతర్భాగాన్ని చూడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని అవసరమైంది. దీనిని 1931లో జర్మనీలో ఎర్నెస్ట్ రుస్కా, మాక్స్ నోల్ నిర్మించారు.

ఈ పరికరం లోపల శూన్యం ఉండాలి. శూన్యంలో కణంలోని నీరు ఆవిరైపోతుంది. అందువలన కణాన్ని ముందుగా ఆస్మియం టెట్రాక్సైడ్ వంటి రసాయనంతో స్థిరీకరించి, ఆల్కహాలుతో నీటిని తొలగించి, రెజిన్‌లో పొదిగి, 100 నానోమీటర్ల కంటె పలుచని ఛేదాలుగా కోసి, భారలోహ లవణాలతో రంజనం చేస్తారు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఎండుమిరపకాయను మాత్రమే చూసినవాడు చెట్టున ఉన్న కాయకు కూడా ముడతలు ఉంటాయనుకోవచ్చు.

చరిత్ర

1953లో చాప్మన్, హిల్లియర్ అను శాస్త్రజ్ఞులు బాసిల్లస్ సీరియస్ ఛేదాలలో ఈ ఆకారాలను గమనించారు. 1960లో ఫిట్జ్-జేమ్స్ వీటికి మీసోసోములని పేరు పెట్టాడు. ఇవి ముఖ్యంగా గ్రామ్-పాజిటివ్ బాక్టీరియాలలో, తరచుగా విభజన జరిగే చోట, డీ.ఎన్.ఏ.కు దగ్గరగా కనిపించేవి. దానితో కణకవచ నిర్మాణం, డీ.ఎన్.ఏ. పంపకం వీటి పనులని ఊహించారు. బాక్టీరియాలలో మైటోకాండ్రియాలు లేవు కనుక శ్వాసక్రియను కూడా వీటికే అప్పగించారు.

రసాయనాలు వాడకుండా కణాలను అతివేగంగా ఘనీభవింపజేసి చూసినప్పుడు మాత్రం మీసోసోములు కనిపించలేదు, లేదా బాగా తగ్గిపోయాయి. ఇవి పద్ధతి వలన కలిగే కృత్రిమ రూపాలని 1981లో ఎబర్‌సోల్డ్ బృందం ప్రకటించింది. నీటిని మంచు స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా గాజువలె గడ్డకట్టించే పద్ధతితో జాక్ డుబోషే బృందం 1983లో బాక్టీరియాలను నీటితో సహా పరిశీలించింది. వాటిలోను మీసోసోములు లేవు. ఈ శీతల పద్ధతి అభివృద్ధికి గాను డుబోషే 2017లో మరి ఇద్దరితో కలిసి రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందాడు.

పాఠ్యపుస్తకాలలో

2006లో వెలువడిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండవ తరగతి జీవశాస్త్ర పుస్తకం మీసోసోములు కణకవచ నిర్మాణానికి, డీ.ఎన్.ఏ. ప్రతికృతికి తోడ్పడతాయని పేర్కొన్నది. పరీక్షలో ఆ జవాబే వ్రాయవలసి రావచ్చును గాని, విషయం మాత్రం అది కాదు.

బాక్టీరియాలన్నింటిలోను అంతర త్వచాలు ఉండవని దీని అర్థం కాదు. సయనోబాక్టీరియాలలోని థైలకాయిడ్లు, కొన్ని కిరణజన్య సంయోగక్రియ బాక్టీరియాలలోని త్వచపు మడతలు నిజమైనవే. సూక్ష్మజీవనాశక పదార్థాల వలన త్వచం దెబ్బతిన్న కణాలలో కూడా మీసోసోమ్ వంటి ఆకారాలు కనిపించాయి.