9 మీటర్ల డాబా, 25 కిలోమీటర్ల మాట

గుంటూరు నుంచి తెనాలికి నేరుగా గీత గీస్తే సుమారు 23 కిలోమీటర్లు. సెల్ టవరు, ఇంటర్నెట్ లేకుండా ఈ రెండు ఊళ్ల డాబాల మీంచి మాట్లాడుకోవచ్చా? మాట్లాడుకోవచ్చు. అమెచ్యూర్ రేడియో వాళ్లు, అంటే హామ్‌లు, చేసేది అదే. ఖర్చు, దూరం, అనుమతి ఒక్కొక్కటే చూద్దాం.

ముందు వినడం. మామూలు రేడియోలో స్టేషన్‌ను పట్టేదీ, మాటను విడదీసేదీ సర్క్యూట్లే. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో, పొట్టిగా ఎస్‌డీఆర్‌లో, ఆ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్ ప్రోగ్రాము చేస్తుంది. సిగ్నల్‌ను అంకెలుగా మార్చి అందించడానికి పెన్‌డ్రైవంత డాంగిల్ చాలు. డిజిటల్ టీవీ కోసం చేసిన ఆర్‌టీఎల్2832యూ చిప్పు ఇందుకూ పనికొస్తుందని 2012లో ఔత్సాహికులు తేల్చాక, ఈ రేడియో కొద్ది వేల రూపాయలకే దొరుకుతోంది.

డేటా ప్యాక్ అయిపోతుందా? డాంగిల్ సెకనుకు 24 లక్షల నమూనాలు తీస్తుంది. ఒక్కొక్కటి రెండు బైట్లు. ఆ లెక్కన రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్ 5 నిమిషాల్లో ఖాళీ కావాలి. కాదు, ఎందుకంటే ఇదంతా గాలిలోంచి యూఎస్‌బీ మీదుగా వస్తోంది, నెట్ నుంచి కాదు. వచ్చిందంతా దాచుకుంటే మాత్రం గంటకు 17 జీబీ డిస్కు నిండుతుంది.

యాంటెన్నా ఎంత ఉండాలి? 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ తరంగం 358 మీటర్లు. హామ్‌లు మాట్లాడుకునే 144–146 మెగాహెర్ట్జ్ తరంగం సుమారు 2 మీటర్లే. మొత్తం పొడవు అందులో సగం కన్నా కాస్త తక్కువయ్యేలా, 49 సెంటీమీటర్ల తీగలు రెండు, ఒకటి పైకి, ఒకటి కిందికి నిలబెడితే డైపోల్ అనే యాంటెన్నా సిద్ధం. ఇంటి వైరింగులో మిగిలిన రాగి తీగ, పీవీసీ పైపు, డిష్ టీవీ కేబులు వినడానికి సరిపోతాయి.

ఎంత దూరం? ఇక్కడ పత్తి చేలు, మిర్చి కల్లాలు అడ్డురావు. అడ్డొచ్చేది భూమి వంపు. యాంటెన్నా ఎత్తుకు వర్గమూలం తీసి 4.12తో గుణిస్తే అది చూడగల దూరం కిలోమీటర్లలో వస్తుంది. 9 మీటర్ల ఎత్తుకు 12.4 కిలోమీటర్లు. అటు కూడా అంతే ఎత్తుంటే మొత్తం 25 దాకా. తెనాలి అందింది. గుంటూరుకు 37 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిలకలూరిపేటకు మాత్రం రెండు వైపులా 20 మీటర్లు దాటాలి.

వాట్లు పెంచితే? వంపు దాటించడంలో వాటి సాయం కొద్దిదే. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగింతలు కావాలి. సుమారు 400 కిలోమీటర్ల పైన తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి 145.800 మెగాహెర్ట్జ్‌లో ప్రసారం ఉన్నప్పుడు, మన 49 సెంటీమీటర్ల తీగలకే అది అందడానికి కారణం ఈ ఎత్తే.

అనుమతి మాటేమిటి? డాంగిల్‌ది వినే పనే. మాట్లాడటానికి ట్రాన్స్‌మిటరు వేరే కావాలి. సొంతంగా చేసుకున్నా, కొన్నా లైసెన్సు తప్పనిసరి. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్ష పెట్టి ఇస్తుంది. రెస్ట్రిక్టెడ్, జనరల్ అని రెండు గ్రేడులు.

సెల్‌ఫోన్లుండగా ఇదెందుకు? 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్‌లో హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఉంది. ఫోన్లు తెగిన అండమాన్ నుంచి భారతీ ప్రసాద్, ఆమె సహచరులు హామ్ రేడియోలోనే క్షేమ సమాచారాలు చేరవేశారు. తుఫాన్లు మనకూ కొత్త కాదు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గరే తీరం దాటింది.

కాబట్టి ముందు డాంగిల్‌తో విని అలవాటు పడండి, తర్వాత పరీక్ష రాయండి. ఆపైన డబ్బు మిగిలితే ఖరీదైన రేడియో కన్నా ముందు ఇనుప గొట్టం కొనండి. 9 మీటర్ల యాంటెన్నాను 12 మీటర్లకు ఎత్తితే మీ వైపు పరిధి దాదాపు 2 కిలోమీటర్లు పెరుగుతుంది.