ఎప్పుడొస్తుందో తెలియని నీలి తెర

2024 జూలై 19, శుక్రవారం ఉదయం. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. వాటిలో హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఇండిగో విమానం తాలూకు కాగితం ఒకటి ఫోటో రూపంలో దేశమంతా తిరిగింది. కోల్‌కతాలో దిగి, హౌరాలో రైలెక్కి టాటానగర్ చేరే మావాళ్లకు అది బాగా తెలిసిన దారే.

ఆ ఉదయం మన గడియారంలో 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా భద్రతా సంస్థ, విండోస్ యంత్రాల్లో నడిచే తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. 21వ గడిలో ఏముందో చూడమని ఆ ఫైలు చెబుతోంది. చూడాల్సిన ప్రోగ్రాం దగ్గర ఉన్నవి 20 గడులే. లేని గడి కోసం అది తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నారు గానీ, అప్పటికే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో అది ఒక శాతానికి లోపే.

అన్నిటిదీ ఒకే ఫైలు, ఒకే తప్పు కాబట్టి కారణం గంటల్లోనే దొరికింది. ఒకే ఒక్క యంత్రంలో, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే నీలి తెర అంతకన్నా మొండిది.

జంషెడ్‌పూర్‌లో మా కదమా పేటలో పక్క క్వార్టర్ కుర్రాడి కొత్త ల్యాప్‌టాప్‌ది అదే బాపతు. "బాబాయ్, ఒకసారి మూత మూసి తెరిస్తే వస్తోంది, ఒకసారి ఊరికే పాట వింటుంటే వస్తోంది. దీనికో లెక్కా పత్రం లేదు" అన్నాడు. కొన్నచోట అడిగితే ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతుందన్నారట. కొట్టించాడు. రెండు రోజులు బాగానే ఉండి మళ్లీ మొదలైంది. కొత్త బండి, కొత్త విండోస్, ఇంకేం పాడవుతుందని వాళ్ల నాన్న బాధ. ఆ లెక్కా పత్రం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలంటే, ఈ తెర ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి.

దీని తండ్రి ఎవరన్న విషయంలో 2014లో పత్రికలు పొరబడ్డాయి. మైక్రోసాఫ్ట్ మాజీ అధిపతి స్టీవ్ బామర్ అని రాసేశాయి. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ కలగజేసుకుని అసలు సంగతి విప్పి చెప్పాడు. 1992 నాటి విండోస్ 3.1లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే ఒక నీలి తెర వచ్చేది. దాని మీద మాటలు బామర్‌కు నచ్చలేదు. నచ్చకపోతే నువ్వే రాసివ్వు అన్నారు, రాసిచ్చాడు. అంతవరకే ఆయన పాత్ర. విండోస్ 95లోని నీలి తెర చెన్ చేతి పని. అది వచ్చినా ఏదో ఒక మీట నొక్కి ముందుకు పోవచ్చు, అదృష్టం బాగుంటే పని కొనసాగేది. మూడోదీ, నేటి ల్యాప్‌టాప్‌లకు వారసత్వంగా వచ్చినదీ 1993లో విడుదలైన విండోస్ ఎన్‌టీది. దాన్ని రాసినవాడు జాన్ వెర్ట్. నీలమే ఎందుకంటే అందులో మనస్తత్వ శాస్త్రం ఏమీ లేదు. ఆయన పనిచేసిన మిప్స్ యంత్రం మొదలయ్యేటప్పుడు చూపే తెర నీలం, అక్షరాలు తెలుపు. కోడ్ రాసుకునే స్లిక్‌ఎడిట్ ఎడిటర్ రంగులూ అవే. కోడ్ రాసినా, యంత్రాన్ని లేపినా, అది పడిపోయినా కంటికి ఒకే రంగు కనిపిస్తుందని అలా ఉంచేశాడు.

ఎన్‌టీ తెరకు మీట నొక్కి దాటిపోయే సౌకర్యం లేదు. అది వచ్చిందంటే యంత్రం ఆగిపోయినట్టే. ఈ మొండితనం వెనక గట్టి కారణమే ఉంది. మనం వాడే బ్రౌజర్, వర్డ్ లాంటివి ప్రాసెసర్ ఇచ్చే తక్కువ అధికారంతో, ఎవరి మెమరీలో వాళ్లు నడుస్తాయి. ఒకటి తప్పు చేస్తే దాన్ని మూసేస్తే చాలు. విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, దాంతోపాటు వైఫైనీ గ్రాఫిక్స్‌నూ టచ్‌ప్యాడ్‌నూ నడిపించే డ్రైవర్లు పూర్తి అధికారంతో, ఒకే ఉమ్మడి మెమరీలో నడుస్తాయి. అక్కడ ఒకరు దారి తప్పితే ఇంకెవరి సమాచారం చెడిందో తేల్చే దిక్కు లేదు. అలాగే సాగనిస్తే చెడిన సమాచారమే డిస్క్ మీదకు ఎక్కుతుంది. పరీక్ష ముందు రోజు రాత్రి యంత్రం ఆగిపోతే ప్రాణం పోయినంత పనవుతుంది, నిజమే. ప్రాజెక్టు ఫైలు చడీచప్పుడు లేకుండా చెత్తగా మారడం ఇంకా ఘోరం. ఆగిపోయే ముందు కెర్నల్ మరో పని కూడా చేస్తుంది: ఆ క్షణాన మెమరీలో ఏముందో ఒక ఫైలులో రాసి పెడుతుంది. దాన్నే డంప్ అంటారు.

మా ఊరివాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. 1950లో నెహ్రూ ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ ఇక్కడి బర్మామైన్స్‌లో ఉంది. పగిలిన బాయిలర్ గొట్టం అక్కడికి వెళితే, పగిలిన అంచును సూక్ష్మదర్శినిలో చూసి వేడికి సాగి పోయిందా, ఒత్తిడి పడీ పడీ అలసి విరిగిందా, తుప్పు తినేసిందా అని తేలుస్తారు. డంప్ అలాంటి పగిలిన అంచే. ఫార్మాట్ కొట్టడమంటే దాన్ని సానపెట్టి నున్నగా చేసి ఇవ్వడం.

మరి క్రాష్‌కు వేళాపాళా ఎందుకు ఉండదు? నీలి తెర మీద తరచూ కనిపించే 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' అన్న కోడ్‌నే చూడండి. మెమరీలో చోటు చాలనప్పుడు విండోస్ కొన్ని పేజీలను, అంటే మెమరీ ముక్కలను డిస్క్‌లోకి తోసేస్తుంది, కావాల్సినప్పుడు తెచ్చుకుంటుంది. అయితే హార్డ్‌వేర్ నుంచి అత్యవసర పిలుపు వచ్చి డ్రైవర్ పై అంతస్తు ప్రాధాన్యంలో నడుస్తున్నప్పుడు, డిస్క్ నుంచి తెచ్చేదాకా ఆగడం కుదరదు. కాబట్టి ఆ స్థితిలో అలాంటి పేజీలను ముట్టుకోకూడదన్నది నియమం. ఒక డ్రైవర్ ఆ నియమం తప్పిందనుకోండి. అడిగిన పేజీ అప్పటికే ర్యామ్‌లో ఉంటే ఏమీ కాదు. తప్పు జరిగింది, ఎవరికీ తెలియలేదు. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచి ఉండి ఆ పేజీ డిస్క్‌లోకి పోయి ఉంటేనే నీలి తెర. తప్పు రోజూ జరుగుతూనే ఉంది, దొరికేది మాత్రం ఎప్పుడో ఒకసారి. పాట వింటుంటే వచ్చిందంటే పాటది తప్పు కాదు.

అందుకే విండోస్ 2000తో డ్రైవర్ వెరిఫయర్ వచ్చింది. అనుమానం ఉన్న డ్రైవర్‌ను దానికి అప్పగిస్తే, ఆ డ్రైవర్ పై ప్రాధాన్యానికి వెళ్లిన ప్రతిసారీ అలాంటి పేజీలను కావాలనే అందకుండా చేస్తుంది. నెలకోసారి వచ్చే క్రాష్ నిమిషాల్లో వస్తుంది. (వెరిఫయర్ పెట్టేముందు రీస్టోర్ పాయింట్ తీసుకోండి. యంత్రం లేస్తూనే పడిపోతూ ఉండిపోవచ్చు.) దాదాపు అదే కాలంలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి ఇంకో అడుగు ముందుకు వేశారు. డ్రైవర్‌ను అసలు నడపకుండానే, దాని కోడ్ చదివి నియమాలు తప్పే దారులు పట్టుకునే స్లామ్ అనే పద్ధతి కనిపెట్టారు. రాజమణి తర్వాత బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రానికి అధిపతి అయ్యారు. ఆ శ్రమ అవసరం ఎంతటిదో 2003లో వచ్చిన ఒక పరిశోధన పత్రం చెబుతుంది: విండోస్ ఎక్స్‌పీలో నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణం.

ఇక కుర్రాడి ల్యాప్‌టాప్. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ ఫోల్డర్. ఫార్మాట్ తర్వాత పడిన డంపులన్నీ తారీఖులతో సహా అక్కడ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే విన్‌డీబీజీలో తెరిచి విశ్లేషించమంటే, కాసేపటికి అనుమానితుడి పేరు చెబుతుంది. ఇక్కడ పేరు కన్నా వరస చూడాలి. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తే దోషి చాలావరకు అదే. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైటు నుంచి ఆ డ్రైవర్, బయోస్ కొత్తవి వేస్తే తీరొచ్చు. మూత తెరిచినప్పుడే వచ్చి, డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అంటే నిద్ర లేవడానికి మొరాయించే పరికరం ఏదో ఉంది. కుర్రాడి డంపుల్లో ఒకటి గ్రాఫిక్స్‌ను పట్టింది, ఒకటి వైఫైని, ఇంకొకటి ఏకంగా విండోస్ కెర్నల్‌నే. కోడ్‌లూ వేర్వేరు: మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్, మరోటి. అందరి మీదా నేరం పడుతుంటే అందరూ వాడే చోట, అంటే ర్యామ్‌లో వెతకాలి.

అడిగితే అప్పుడు చెప్పాడు, కొన్న వారానికే సాక్చీ బజారులో ఒక కొట్లో అదనంగా ర్యామ్ వేయించాడట. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడిపితే తెల్లారేసరికి తెర మీద ఎర్ర గీతలు, చాలావరకు ఒకే అడ్రసు చుట్టుపక్కల. కొట్టతను ర్యామ్ ఊడదీసి, బంగారు పూత ఉన్న అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఊది మళ్లీ పెట్టాడు. మన దేశంలో రిపేరు కొట్లన్నిటా జరిగే పూజ ఇది, కాంటాక్టుల మీద మకిలి ఉంటే పనిచేస్తుంది కూడా. ఈసారి పనిచేయలేదు. ఆ ర్యామ్ ముక్క తీసేసి పరీక్షిస్తే గీతలు లేవు. మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు.

నిజంగా వేళాపాళా లేని క్రాష్ అసలు ఉండదా అంటే, ఉంది. దాని మూలం మా పొరుగునే ఉన్న ఖనిజంలో దొరుకుతుంది. జంషెడ్‌పూర్ నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు వెళితే జాదుగూడ, దేశంలో మొదటి యురేనియం గని. 1978లో ఇంటెల్ ఇంజనీర్లు తిమోతీ మే, ముర్రే వుడ్స్ ఒక విచిత్రం గమనించారు. మెమరీ చిప్‌లలో అక్కడక్కడా ఒక బిట్ తనంతట తాను తిరగబడుతోంది, చిప్ మాత్రం నిక్షేపంగా ఉంది. వెతగ్గా వెతగ్గా చిప్‌ను పొదిగిన పింగాణీ పెట్టెలో లేశమాత్రంగా యురేనియం, థోరియం తేలాయి. వాటి పరమాణువు ఒకటి విచ్ఛిన్నమై వదిలిన ఆల్ఫా కణం సిలికాన్‌లోకి దూరి, పోతూ పోతూ పది లక్షలకు పైగా ఎలక్ట్రాన్లను విడగొడుతుంది. ఒక బిట్‌లో సున్నాను ఒకటి నుంచి వేరు చేసే విద్యుదావేశం అప్పట్లో ఇంచుమించు అంతే. ఏ పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ముందే చెప్పడం భౌతికశాస్త్రం వల్ల కూడా కాదు.

జాదుగూడ పక్కనే ఉంది కదా అని మా ఊరి ల్యాప్‌టాప్‌లకు భయమేమీ లేదు. ఆల్ఫా కణాలు ఒక కాగితం అడ్డుపెడితే ఆగిపోతాయి. చిప్‌ను చుట్టిన పదార్థంలో ఉంటేనే ప్రమాదం, అందుకే ఆ తర్వాత ఆ పదార్థాలను శుద్ధి చేయడం నేర్చారు. ఆకాశం నుంచి వచ్చే న్యూట్రాన్లు మాత్రం అలా ఆగవు. సర్వర్లలో ఇలాంటి తప్పులను సరిదిద్దే ఈసీసీ మెమరీ ఉంటుంది, మామూలు ల్యాప్‌టాప్‌లలో పూర్తిస్థాయి ఈసీసీ ఉండదు.

ఇలాంటి కాకతాళీయం ఎంత అరుదో 2011లో మైక్రోసాఫ్ట్ వాళ్లే లెక్క తీశారు. సుమారు పది లక్షల కంప్యూటర్ల క్రాష్ నివేదికలు పరిశీలిస్తే, ఎనిమిది నెలల్లో ప్రాసెసర్ లోపంతో ఒకసారి పడిపోయే అవకాశం 190లో ఒకటి. ఒకసారి పడ్డ యంత్రం మళ్లీ పడే అవకాశం దాదాపు మూడింట ఒకటి! ర్యామ్, డిస్క్‌లదీ అదే ధోరణి. డెస్క్‌టాప్‌ల కన్నా ల్యాప్‌టాప్‌లే గట్టివని కూడా ఆ అధ్యయనం తేల్చింది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేర్ తప్పు రెండోసారి కనిపిస్తే 'చూద్దాంలే' అనడం నాకు సబబుగా తోచదు.

నీలి తెర పరువు పోయిన రోజూ ఒకటుంది. 1998 ఏప్రిల్‌లో చికాగోలో కామ్‌డెక్స్ అనే కంప్యూటర్ ప్రదర్శన వేదిక మీద బిల్ గేట్స్ పక్కన నిలబడి ఆయన సహచరుడు విండోస్ 98 గొప్పలు చూపిస్తూ స్కానర్ తగిలించగానే, తెర నీలమైపోయింది. అందుకేనేమో దీన్ని ఇంకా అమ్మడం లేదని గేట్స్ నవ్వేశాడు.

తర్వాత 2012లో విండోస్ 8తో తెర మీదకు ఏడుపు ముఖం, 2016లో క్యూఆర్ కోడ్ వచ్చాయి. 2021లో విండోస్ 11లో ఒకసారి నలుపు చేసి, కొద్ది నెలలకే నీలానికి తిరిగొచ్చారు. శంషాబాద్‌లో పెన్ను పట్టించిన ఆ శుక్రవారం తర్వాత మార్పులు జోరందుకున్నాయి. భద్రతా సాఫ్ట్‌వేర్‌ను కెర్నల్ బయటికి పంపే పని మొదలైంది. 2025లో తెర మళ్లీ నల్లబడింది. ఏడుపు ముఖం, క్యూఆర్ కోడ్ పోయి, అడుగున స్టాప్ కోడ్, తప్పు చేసిన డ్రైవర్ తెలిస్తే దాని పేరు మిగిలాయి. చాలా యంత్రాల్లో ఆ తెర నిలిచేది దాదాపు రెండు సెకన్లే. ఫోన్ తీసి ఫోటో కొట్టేలోపే పోతుంది. వారంటీకి ఇచ్చేముందు మినీడంప్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి. కౌంటర్లో మొదట చేసేది ఫార్మాటే, దాంతోపాటే డంపులూ పోతాయి.