రాతి ఫెర్నులు - పోలికలు, తేడాలు

ఫెర్న్ మొక్క అనగానే మీకేం గుర్తుకొస్తుంది? నీడ, చెమ్మ, పాత నూతి గోడలు - అంతే కదూ! కాని మండుటెండలో, నీరు నిలవని కొండరాళ్ళ సందుల్లో బతికే ఫెర్నులు కూడా ఉన్నాయి. అమెరికాలోని ఆరిజోనా, న్యూమెక్సికో కొండల్లో పెరిగే మిరియోప్టెరిస్ ప్రజాతి ఫెర్నులు అలాంటివే.

ఇవి జానెడు ఎత్తు మొక్కలు. ఆకు ఎన్నోసార్లు చీలి, చివరి ముక్కలు ఆవగింజల్లా, గుండ్రని పూసల్లా ఉంటాయి. అడుగుభాగాన్ని పొలుసులు దట్టంగా కప్పుతాయి. ఎండలు ముదిరితే ఆకులు ముడుచుకుపోతాయి. వాన కురిస్తే మళ్ళీ విచ్చుకుంటాయి.

చిక్కేమిటంటే, వీటిలో చాలా జాతులు చూడటానికి ఒకేలా ఉంటాయి. మరి వేరుచేయడం ఎలా? ఒక భూతద్దం, కాస్త ఓపిక ఉంటే చాలు. నాలుగు జాతులను తీసుకుందాం.

మొదట ఆకు పైభాగం చూడాలి. అక్కడ బూడిదరంగు నూగు ఉంటే అది లిండ్‌హైమెరి జాతి. మిగిలిన మూడింటికీ పైన నూగు ఉండదు.

తరువాత నేలను అంటుకుని ఉండే కొమ్ము. అది సాధారణంగా పొట్టిగా ఉండి, ఆకులు గుంపుగా వస్తే కొవిల్లీ జాతి. పొడవుగా పాకుతూ, ఆకులు దూరదూరంగా వస్తే ఫెండ్లెరి గాని, వూటోనై గాని కావచ్చు.

ఈ రెండింటినీ వేరుచేసేది ఆకు అడుగున ఉండే పొలుసుల అంచు. వూటోనై పొలుసు అంచున కనురెప్పలకు ఉన్నట్లు సన్నని వెంట్రుకలుంటాయి. ఫెండ్లెరి పొలుసుకు అవి ఉండవు. కొవిల్లీలోనైతే పొలుసు మొదట్లో మాత్రమే ఉంటాయి. ఏ ఒక్క గుర్తునో నమ్మకుండా అన్నిటినీ కలిపి చూడాలి.

"వెంట్రుక ఉంటేనేం, లేకపోతేనేం?" అంటారా? ఆ చిన్న తేడా వెనుక పెద్ద తేడా దాగివుంది. ఫెండ్లెరి సిద్ధబీజాశయాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే 64 సిద్ధబీజాలుంటాయి. వూటోనైలో 32 మాత్రమే!

మామూలు ఫెర్నులో 16 మాతృకణాలు ఏర్పడి, ఒక్కొక్కటి క్షయకరణ విభజనతో నాలుగేసి సిద్ధబీజాలను ఇస్తుంది. మొత్తం 64. వాటి నుంచి పెరిగిన చిన్న దళంపై అండం, పురుష బీజకణాలు తయారవుతాయి. పురుష బీజకణం నీటిలో ఈది అండాన్ని చేరితేనే కొత్త మొక్క. వూటోనైలో ఎనిమిది మాతృకణాలే ఏర్పడతాయి; వాటిలో క్రోమోజోములు ముందే రెట్టింపవుతాయి. అందుకే సిద్ధబీజంలోనూ తల్లిమొక్కలో ఉన్నన్ని క్రోమోజోములే ఉంటాయి. దళం నుంచి ఫలదీకరణ లేకుండానే కొత్త మొక్క పుడుతుంది. ఈదడానికి నీటిచుక్క అక్కరలేదు! ఎండుకొండల్లో ఇది ఎంత లాభమో ఊహించండి.

ఈ రెండింటినీ ఒకటిగా లెక్కకట్టామనుకోండి, ఈ సంగతి మనకు తెలియకుండానే పోతుంది. ఈసారి మీ ఊరి గుట్టమీదో, నూతి గోడమీదో ఫెర్న్ కనిపిస్తే పీకవద్దు. మెల్లగా ఆకు తిరగేసి, భూతద్దంతో అడుగుభాగం చూడండి. ఏమేం కనిపించాయో బొమ్మ గీసుకోండి.